ఎదురింటి పిల్లాడి జార్ జార్ బొమ్మ

2024 ఏప్రిల్ ఆఖరి వారంలో మావాడు ఫోన్ చేశాడు. "అమ్మా, మే 3న ఫాంటమ్ మెనేస్ మళ్ళీ థియేటర్లలో వేస్తున్నారు. పాతికేళ్ళయిందిగా. వస్తావా?" అన్నాడు. వస్తానన్నాను. కాసేపాగి, "నువ్వు మొదటి రోజు అర్ధరాత్రి ఆటకి వెళ్ళావు కదా, నిజంగా అందరూ తిట్టుకుంటూ బయటికొచ్చారా?" అని అడిగాడు.

లేదు. ఆ రాత్రి ఎవ్వరూ తిట్టలేదు. ఈ ముక్క చెబితే ఇప్పుడు ఎవరూ నమ్మరు. కథ వరసలో స్టార్ వార్స్ మొదటి భాగమైన ఈ ఫాంటమ్ మెనేస్ అనగానే "అభిమానుల గుండె బద్దలు కొట్టిన సినిమా" అనడం అలవాటైపోయింది. నేను ఆ హాల్లో ఉన్నాను. ఆ తర్వాత ఏడాది పొడుగునా ఆ ప్రేమ కోపంగా మారడం ఎదురింటి గుమ్మంలోంచి చూశాను. మావాడికి ఫోన్లో సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాసుకుంటున్నాను.

1999 జనవరిలో మా ఆయన దగ్గరికి న్యూజెర్సీ వచ్చాను. వైటూకే రోజులు. ఆయన పొద్దున ఏడింటికి వెళ్తే రాత్రి తొమ్మిదికి వచ్చేవారు. నాది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయడానికి లేదు. ఎడిసన్‌లో రెండో అంతస్తు అపార్ట్‌మెంట్, కిటికీలోంచి చూస్తే మంచు, పార్కింగ్ లాట్, మళ్ళీ మంచు. బెజవాడలో పుట్టి పెరిగిన దానికి అంత నిశ్శబ్దం ఎప్పుడూ తెలియదు. కాలింగ్ కార్డు గీకి అమ్మకి ఫోన్ చేస్తే, నిమిషాలు ఎన్ని మిగిలాయో చెప్పే గొంతే అమ్మ గొంతు కంటే స్పష్టంగా వినపడేది.

ఎదురింట్లో ఒక అమెరికన్ కుటుంబం ఉండేది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులు, వాళ్ళకొక ఏడేళ్ళ కొడుకు. ఫిబ్రవరిలో ఒకరోజు వాళ్ళ తాళం పాడై, స్కూలు నుంచి వచ్చిన పిల్లాడు మెట్ల మీద కూర్చుని వణికిపోతుంటే లోపలికి పిలిచి పాలు కాచి ఇచ్చాను. అక్కణ్ణుంచి రోజూ సాయంత్రం రెండు గంటలు మా ఇంట్లోనే ఉండేవాడు. నన్ను ఆంటీ అనమని మా ఆయనే నేర్పారు. వాడికి పప్పన్నం నేను అలవాటు చేశాను. నాకు స్టార్ వార్స్ వాడు అలవాటు చేశాడు.

అంతకుముందు అసలు తెలియదని కాదు. చిన్నప్పుడు అన్నయ్య గవర్నర్‌పేటలో వీడియో క్యాసెట్ అద్దెకి తెచ్చేవాడు. గీతలు గీతలుగా పడే బొమ్మ, సగం అర్థమయ్యే ఇంగ్లీషు. నల్ల శిరస్త్రాణం, ఆ ఊపిరి చప్పుడు మాత్రం బాగా గుర్తు. "నేనే నీ తండ్రిని" అన్న చోట అన్నయ్య క్యాసెట్ ఆపేసి, వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టి చూపించాడు. ఆ నల్ల శిరస్త్రాణం విలన్ డార్త్ వేడర్‌కి ఒక బాల్యం ఉంటుందని, దాని మీద ఒక సినిమా వస్తోందని ఈ పిల్లాడు బొమ్మలన్నీ కార్పెట్ మీద పరిచి నాకు బోధపరిచాడు. మనకి ఇది కొత్త సంగతేం కాదు. రావణాసురుడు ఎవరో తెలిశాక జయవిజయుల శాపం కథ వింటాం కదా, అలాంటి ముందు కథ అన్నమాట. దుర్మార్గుడు పుట్టుకతోనే దుర్మార్గుడు కాడు అనే కథ మనవాళ్ళకి నాలుగు రకాలుగా తెలుసు.

పిల్లాడి తండ్రి మాత్రం ఆ సినిమా కోసం దాదాపు తపస్సు చేస్తున్నాడు. 1977 మేలో మొట్టమొదటి స్టార్ వార్స్ సినిమా వచ్చినప్పుడు ఆయనకి పదేళ్ళు. 1983లో రిటర్న్ ఆఫ్ ది జెడై చూసేటప్పటికి పదహారు. ఇంకో పదహారేళ్ళు గడిచాయి, పెళ్ళయింది, కొడుకు పుట్టాడు. ఆ సినిమాల సృష్టికర్త జార్జ్ లూకాస్ మళ్ళీ తీస్తాడా, తీయడా అని ఎదురుచూస్తూనే ఉన్నాడు. 1998 నవంబరులో మొదటి ట్రైలర్ వచ్చింది. అప్పుడు ట్రైలర్ సరిగ్గా చూడాలంటే థియేటర్‌కే వెళ్ళాలి. ఆయన ఇంకేదో సినిమాకి పూర్తి టికెట్ కొని, రెండు నిమిషాల ట్రైలర్ చూసి, అసలు సినిమా మొదలవగానే లేచి వచ్చేశాడట. "నేనొక్కణ్ణే కాదు, సగం హాలు లేచింది" అని చెప్పేవాడు. దేశమంతా చాలాచోట్ల అదే జరిగిందని తర్వాత పేపర్లలో చదివాను.

ఏప్రిల్ వచ్చేసరికి టీవీ పెడితే అదే. హాలీవుడ్‌లో మాన్స్ చైనీస్ థియేటర్ ముందు ఆరు వారాల ముందుగానే జనం క్యూ కట్టారు. మడత కుర్చీలు, టెంట్లు, వానకి ప్లాస్టిక్ పట్టాలు. వంతులవారీగా కూర్చోవడం, వెళ్ళి స్నానం చేసి రావడం, మధ్యలో జబ్బుపడ్డ పిల్లల కోసం పనిచేసే ఒక సంస్థకి చందాలు పోగుచేయడం కూడా. మే 3 అర్ధరాత్రి బొమ్మల షాపులు తెరిచారు, బొమ్మలు కొనడానికి కూడా క్యూలే. సినిమా వచ్చే రోజు 22 లక్షల మంది ఉద్యోగాలు ఎగ్గొడతారని చాలెంజర్, గ్రే అండ్ క్రిస్మస్ అనే సంస్థ అంచనా కట్టింది. కొన్ని కంపెనీలు ఆ గొడవెందుకని ముందే సెలవిచ్చేశాయి.

మా ఆయన ఆ వార్తలు చూసి ఆశ్చర్యపోయేవారు. నాకు ఆశ్చర్యం లేదు. బెజవాడలో అన్నయ్య అభిమాన హీరో సినిమా వస్తే ముందురోజు రాత్రి ఇంటికొచ్చేవాడు కాదు. థియేటర్ దగ్గర తోరణాలు కట్టి, కటౌట్‌కి దండ వేసి, తెల్లవారుజామున బెనిఫిట్ షో చూసి, గొంతు పోయి, చొక్కాకి రంగు కాగితాల ముక్కలు అంటుకుని వచ్చేవాడు. నాన్న తిట్టేవారు. అమ్మ మాత్రం ఉప్పునీళ్ళు వేడిచేసి పుక్కిలించమని ఇచ్చేది. న్యూజెర్సీ టీవీలో ఆ మడత కుర్చీల మనుషులను చూసినప్పుడు ఆ దేశంలో మొదటిసారి నాకు తెలిసినవాళ్ళు కనిపించినట్టు అనిపించింది.

ముందస్తు టికెట్లు మే 12న అమ్మారు. ఎదురింటాయన తెల్లారకముందే వెళ్ళి నిలబడి, తమ ముగ్గురితో పాటు మా ఇద్దరికీ కొన్నాడు. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. "మా వాడికి రోజూ అన్నం పెడుతున్నారుగా" అన్నాడు.

మే 18 మంగళవారం రాత్రి పది గంటలకే మల్టీప్లెక్స్ ముందు చేరాం. మర్నాడు స్కూలుందని తల్లి గొణుగుతూనే ఉంది. పిల్లాడు గోధుమరంగు టవలుకి పిన్నీసు పెట్టుకుని జెడై అంగీలా, అంటే ఆ కథలో వెలుగు కత్తులు పట్టే వీరుల అంగీలా వేసుకున్నాడు. లైన్లో పెద్దపెద్దవాళ్ళు ప్లాస్టిక్ కత్తులతో యుద్ధాలు చేస్తున్నారు. చీరమీద స్వెటర్ వేసుకుని నిలబడ్డ నన్ను ఎవరూ వింతగా చూడలేదు. అక్కడ వేషం లేనిదెవరికి! ఒకమ్మాయి నా చీర కొంగు పట్టుకుని చూసి, "మీరు రాణి అమిడాలానా?" అని అడిగింది. సినిమాలోని ఆ రాణి బట్టలెలా ఉంటాయో అప్పటికి నాకు తెలియదు, నవ్వి ఊరుకున్నాను.

12 గంటల 1 నిమిషానికి ఆట. దీపాలు ఆరాయి. నల్ల తెర మీద నీలం అక్షరాలు పడ్డాయి, ఎప్పుడో, ఎక్కడో, చాలా దూరంలో అని. హాల్లో ఒక్కళ్ళు కూడా ఊపిరి తీసినట్టు లేదు. ఆ వెంటనే జాన్ విలియమ్స్ సంగీతం ఒక్కసారి విరుచుకుపడింది. అప్పుడు లేచిన కేకలు నేను మళ్ళీ ఎక్కడా వినలేదు, బెజవాడలో కూడా. పక్కకి చూస్తే ఎదురింటాయన ఏడుస్తున్నాడు. ముప్ఫై రెండేళ్ళ మగమనిషి, ఏ మొహమాటమూ లేకుండా. పిల్లాడు నాన్న మొహం చూస్తున్నాడు, తెర చూడటం లేదు.

ఆ తర్వాత పసుపు అక్షరాలు పైకి పాకాయి. వర్తక మార్గాల మీద పన్నుల తగాదా అట. పదహారేళ్ళు ఎదురుచూసిన కథ పన్నుల గొడవతో మొదలవడం నాకే కాస్త తేడాగా అనిపించింది. కేకలు తగ్గాయి. నవ్వించడానికి పెట్టిన కంప్యూటర్ బొమ్మ, జార్ జార్ బింక్స్ వచ్చాడు. పొడుగు చెవులు, సాగే నాలుక, కాళ్ళలో కాళ్ళు పడే నడక. పిల్లలు పగలబడి నవ్వారు. మా ఎదురింటి పిల్లాడైతే కుర్చీలోంచి జారిపోయాడు. పెద్దవాళ్ళ వరసలు మాత్రం నవ్వలేదు, అలాగని విసుక్కోలేదు కూడా. వేచి చూస్తున్నారు. ఇది అయిపోతుంది, తర్వాత అసలు కథ వస్తుంది అన్నట్టు కూర్చున్నారు.

పాడ్‌రేస్ వచ్చింది, ఇంజిన్లు కట్టిన ఎగిరే బళ్ళ పందెం. ఆ ఇంజిన్ల మోత కుర్చీ కింది నుంచి వెన్నులోకి ఎక్కింది. అది అయ్యాక పెద్దయ్యాక డార్త్ వేడర్ అయ్యే ఆ తొమ్మిదేళ్ళ పిల్లాడు అనకిన్‌కి బానిసత్వం నుంచి విడుదల దొరుకుతుంది. వాళ్ళమ్మకి దొరకదు. ఆమెను వదిలి వెళ్ళాలి. సంచీ తగిలించుకుని నాలుగడుగులు వేసి ఆగిపోయి, మళ్ళీ వెనక్కి పరిగెత్తుకొస్తాడు. మళ్ళీ నిన్ను చూస్తానా అని అడుగుతాడు. ఆమె వాణ్ణి ధైర్యంగా ఉండమంటుంది. వెనక్కి తిరిగి చూడకు అంటుంది. పెర్నిలా ఆగస్ట్ అనే స్వీడన్ నటి ఆ తల్లి. మొహంలో పెద్ద ఏడుపేం ఉండదు. పిల్లాడు వెళ్తున్నంతసేపు నిలబడి చూస్తుంది, అంతే.

నాలుగు నెలల కింద బెజవాడ స్టేషన్లో మద్రాసు రైలెక్కాను, అక్కడినుంచి విమానం. రైలు కూత వేయగానే అమ్మ కిటికీ ఊచల మీద ఉన్న నా చేయి తీసి లోపల పెట్టి, "కదిలాక ఇటు చూడకు. చూశావంటే మద్రాసు దాకా ఏడుస్తావు" అంది. నేను చూశాను. అమ్మ ప్లాట్‌ఫారం మీద చేతులు రెండూ కొంగులో చుట్టుకుని నిలబడి ఉంది.

హాల్లో నేను ఏడవడం మా ఆయనకి తెలియలేదు. పిల్లాడికి తెలిసింది. టవలు అంచు ఇచ్చాడు తుడుచుకోమని.

ఆ సీను బాగాలేదని, ఆ పిల్లవాడి నటన చెక్కలా ఉందని తర్వాత వంద చోట్ల చదివాను. ఆ మాట మీద నేను ఎవరితోనూ వాదించలేదు. నాకు అక్కర్లేకపోయింది.

ఇంక చివరి యుద్ధం. తలుపులు తెరుచుకుంటాయి, ఎర్రటి మొహం, కొమ్ములు, ఈ సినిమా విలన్ డార్త్ మాల్. కత్తి ఒక వైపు వెలుగుతుంది. తర్వాత రెండో వైపు కూడా వెలుగుతుంది. హాలంతా లేచి నిలబడింది. వెనక బృందగానం మొదలైంది. నా చెవికి "మాతా" అన్నట్టు వినపడింది. ఒళ్ళు జలదరించింది. ఇదేమిటి, ఎక్కడో గుళ్ళో విన్నట్టుందే అనుకున్నాను. భ్రమ అనుకుని ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్ళకి మా ఆయన ఆ పాటల సీడీ తెచ్చారు, తర్వాత ఆయనే చదివి చెప్పారు, అది నిజంగా సంస్కృతమేనని. జాన్ విలియమ్స్ ఒక ప్రాచీన వెల్ష్ కవితలోని పంక్తులను సంస్కృతంలోకి మార్పించి, ఆ శబ్దాలను ఆ బృందంతో పాడించాడట. ఇంగ్లీషువాళ్ళ గొంతుల్లో నలిగి, అర్థం పట్టుకోలేనంతగా మారింది. అయినా బెజవాడ దాని చెవి పట్టేసింది!

బయటికొచ్చేసరికి తెల్లవారుజామున రెండున్నర. పార్కింగ్ లాట్‌లో జనం కదలడం లేదు. "బాగుంది", "ఆ ఫైటు చూశావా", "రెండో భాగంలో చూడు ఇంకా" అనుకుంటున్నారు. ఎదురింటాయన నా వైపు తిరిగి, "బాగుంది కదా?" అన్నాడు. బాగుందన్నాను. మా ఆయన్ని అడిగాడు. ఆయనా బాగుందన్నారు. కారెక్కబోతూ మళ్ళీ, "మీకు నచ్చింది కదా?" అన్నాడు. మూడోసారి అడిగినప్పుడు నాకు అర్థమైంది, ఆయన మమ్మల్ని అడగటం లేదు.

అన్నయ్య కూడా ఇలాగే అడిగేవాడు. తన హీరో సినిమాకి డివైడ్ టాక్ వచ్చిందంటే ఇంటికొచ్చి, "సెకండాఫ్ అదిరింది, క్లాస్ సినిమా, రెండోసారి చూస్తే ఎక్కుతుంది" అంటూ తిరిగేవాడు. ఆ మాటలు ఎవరికి చెబుతున్నాడో అమ్మకి తెలుసు. "అవును నాన్నా, రేపు మళ్ళీ వెళ్ళు" అనేది.

టాక్ గురించి ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి, ఎందుకంటే ఇది అందరూ మర్చిపోయారు. మొదటిరోజు 2 కోట్ల 85 లక్షల డాలర్లు వచ్చాయి, అప్పటికి అది రికార్డు. అయిదు రోజుల్లో 10 కోట్లు దాటింది. పత్రికల్లో రివ్యూలు అటూ ఇటూగా వచ్చాయి గానీ, పేరున్న విమర్శకుడు రోజర్ ఈబర్ట్ అంతటివాడు నాలుగింటికి మూడున్నర నక్షత్రాలిచ్చాడు. హాలు గుమ్మంలో ప్రేక్షకులను అడిగి మార్కులు వేసే సినిమాస్కోర్ వాళ్ళ లెక్కలో దీనికి వచ్చింది ఎ మైనస్. అది తిట్టుకుంటూ బయటికొచ్చిన జనం వేసిన మార్కు కాదు. ఆ ఏడాది ప్రపంచమంతా కలిపి 92 కోట్ల డాలర్లు పైగా వచ్చాయి. ఒకళ్ళొక్కసారే చూస్తే అంత డబ్బు రాదు.

మా ఎదురింటాయనే నాలుగుసార్లు చూశాడు. జూన్ 18న డిజిటల్ ప్రొజెక్షన్‌తో దేశం మొత్తం మీద నాలుగు హాళ్ళలో వేస్తే, రెండు మా న్యూజెర్సీలోనే పడ్డాయి, పరామస్‌లో ఒకటి, సెకాకస్‌లో ఒకటి. రీలు లేకుండా సినిమా వేయడమంటే అప్పుడు అద్భుతం. ఆయన పరామస్ వెళ్ళి చూసొచ్చాడు. వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. "బొమ్మ చాలా స్పష్టంగా ఉంది. అన్నీ స్పష్టంగా కనిపించాయి" అన్నాడు. ఆ "అన్నీ" అన్న మాటలో ఏదో తెగినట్టనిపించింది. ఆ సాయంత్రంతో ఆయన "బాగుంది కదా" అనడం మానేశాడు.

జూలైలో కోపం వచ్చింది. ఆయన బాధల్లో ఒకటి మాత్రం నేను మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాను. పాత సినిమాల్లో ఫోర్స్ అంటే సృష్టి అంతటినీ ముడివేసే శక్తి, నమ్మకంతో సాధన చేస్తే అందేది. పాత సినిమాల హీరో, పొలం పనులు చేసుకునే ల్యూక్ లాంటి కుర్రాడికి అందింది కదా, నాకెందుకు అందదు అని పదేళ్ళ వయసులో ఈయన పెరట్లో కళ్ళు మూసుకుని రాళ్ళు లేపడానికి ప్రయత్నించాడట. కొత్త సినిమాలో ఆ శక్తిని రక్తపరీక్ష చేసి కొలిచారు. మిడిక్లోరియన్లు అని కణాల్లో ఉంటాయట, వాటి లెక్కనిబట్టి ఎవరెంత అని తేలుస్తారట. "అంటే నా రక్తంలో లేవు కాబట్టి నాకు రాదన్నమాట" అన్నాడాయన. నవ్వుతూ అనలేదు. పుట్టుకని బట్టి విద్య అనే మాట కర్ణుడి కథ వింటూ పెరిగినవాళ్ళకి ఎక్కడ గుచ్చుకుంటుందో చెప్పక్కర్లేదు. ఆ విషయంలో అభిమానుల బాధ నూటికి నూరుపాళ్ళు న్యాయమైనది.

కానీ కోపం అక్కడ ఆగలేదు. మొత్తం పోయి జార్ జార్ మీద పడింది. టీవీ కార్యక్రమాల్లో, పత్రికల్లో, ఆఫీసుల్లో, ఎక్కడ చూసినా వాణ్ణి చంపాలనే మాట. ఆ యాస కరీబియన్ నల్లవాళ్ళను వెక్కిరించడమేనని కొందరు రాశారు. ఆ విమర్శలో ఆలోచించాల్సింది ఉంది, దాన్ని నేను తీసిపారేయను. కానీ చాలామందికి అదంతా పట్టలేదు, వాళ్ళకి కొట్టడానికో బొమ్మ దొరికిందంతే. ఎవరో ఒకాయన సినిమాని తన ఇంట్లోనే కత్తిరించి, జార్ జార్ భాగం బాగా తగ్గించి క్యాసెట్ చేస్తే, 2001లో అది చేతులు మారి ఊరూరా తిరిగింది. మా తెలుగువాళ్ళ పాట్‌లక్‌లో కూడా జార్ జార్ మీద జోకులే. నేనూ నవ్వాను. ఇవాళ ఆ నవ్వు గుర్తొస్తే బాధగా ఉంటుంది.

ఎదురింటి పిల్లాడికి జార్ జార్ అంటే ప్రాణం. అరచేతిలో పట్టేంత బొమ్మ ఒకటి ఉండేది వాడి దగ్గర, చేతిలో కర్రతో. "మీసా, మీసా" అంటూ దాని భాషలోనే మాట్లాడేవాడు. మా భాషలో దానికి దగ్గరి మాటకి ఇదీ అర్థం అని ముక్కు కింద వేలితో గీసి చూపిస్తే, మర్నాడు బొమ్మకి పెన్నుతో మీసం గీసి తెచ్చాడు. సెప్టెంబరులో స్కూళ్ళు తెరిచారు. ఒక సాయంత్రం వచ్చి మాట్లాడకుండా కూర్చున్నాడు. పప్పన్నం ముట్టలేదు. చాలాసేపటికి సంచీలోంచి బొమ్మ తీసి నా ముందు పెట్టాడు. క్లాసులో పిల్లలు లాక్కుని కింద వేసి తొక్కారట. చెవి ఒకటి చివర విరిగింది. "ఇంట్లో పెట్టుకోరా" అన్నాను. "నాన్నకి ఇష్టం లేదు" అన్నాడు. నాన్న తిట్టలేదు, విసిరేయలేదు, ఏమీ అనలేదు. వాడు ఆ బొమ్మతో ఆడుతుంటే ఆ గదిలోంచి లేచి వెళ్ళిపోయేవాడట. "మీ ఇంట్లో ఉంచండి ఆంటీ. ఇక్కడికొచ్చినప్పుడు ఆడుకుంటా" అన్నాడు.

పదహారేళ్ళు ఎదురుచూసిన తండ్రిదీ, ఏడేళ్ళ కొడుకుదీ ఒకే సినిమా. ఆయన పోగొట్టుకున్నది ఆయనకి నిజమే. కాకపోతే ఆయన ఏడేళ్ళ కళ్ళతో చూద్దామని వెళ్ళాడు, ఆ కళ్ళు పక్క కుర్చీలో ఉన్నాయి.

బొమ్మ మా పూజ అలమర పక్క అరలో ఉండేది. రోజులు గడిచే కొద్దీ వాడు దాంతో ఆడటం తగ్గింది. 2002లో వాళ్ళు పెన్సిల్వేనియా వెళ్ళిపోయారు. వెళ్ళేరోజు అడిగాను, తీసుకెళ్తావా అని. తల అడ్డంగా ఊపాడు. పదేళ్ళు వచ్చేశాయి అప్పటికి.

మావాడు 2001లో పుట్టాడు. వాడికి మాటలు వచ్చే వేళకి ఈ సినిమా డీవీడీ ఇంట్లో ఉంది. వాడు జార్ జార్‌ని చూసి నవ్వినప్పుడు వద్దనడానికి ఇంట్లో ఎవరూ లేరు. అందులో సినిమా ఎలా తీశారో చూపించే భాగం మేమిద్దరం ఎన్నిసార్లు చూశామో. పాడ్‌రేస్ స్టేడియంలో ఊగే జనం జనం కాదు, చెవుల్లో పెట్టుకునే దూది పుల్లలు! దాదాపు 4,50,000 పుల్లలకి రంగులద్ది జల్లెడలో గుచ్చినట్టు గుచ్చి, కింది నుంచి గాలి ఊది కదిలించారు. అది చూసి మావాడు ఊరుకుంటాడా? బాత్రూమ్‌లో ఉన్న డబ్బా మొత్తం ఖాళీ చేసి, వాటర్ కలర్స్ అద్ది, అట్టపెట్టెకి చిల్లులు పొడిచి గుచ్చాడు. నేను పెట్టె కింద హెయిర్ డ్రయ్యర్ పట్టుకున్నాను. ఎరుపు, నీలం, ఆకుపచ్చ తలలన్నీ ఒక్కసారి ఊగాయి. పెట్టె మధ్యలో, చెవి విరిగిన జార్ జార్ నిలబడి ఉన్నాడు. ఇంట్లో ఉన్న జనమంతా వాడికి చప్పట్లు కొడుతున్నట్టే ఉంది.

2008లో అనకిన్ పెద్దయ్యాక జరిగే కథతో క్లోన్ వార్స్ కార్టూన్ వచ్చింది, మావాడికప్పుడు ఏడేళ్ళు. అనకిన్ అంటే వాళ్ళ తరానికి విలన్ కాడు, అన్నయ్య. వాళ్ళే పెద్దయ్యి, ఈ సినిమాల్లోని ప్రతి డైలాగునూ ప్రేమగా పట్టుకుని తిరిగారు. తిట్టిన తరం గొంతు సన్నబడింది, చూసి పెరిగిన తరం గొంతు పెరిగింది. సినిమా మారలేదు.

2018 జూలైలో మావాడు ఫోన్లో ఒక ఫోటో చూపించాడు. జార్ జార్‌గా నటించిన అహ్మద్ బెస్ట్, పక్కన ఆయన చిన్న కొడుకు, బ్రూక్లిన్ వంతెన మీద. ఆ సినిమా తర్వాత తన మీద జరిగిన దాడికి తట్టుకోలేక, ప్రాణం తీసుకుందామని నిలబడ్డ చోటు అదేనని ఆయన రాశాడు. సినిమా వచ్చినప్పుడు ఆయనకి పాతికేళ్ళు. స్టాంప్ అనే రంగస్థల ప్రదర్శన నుంచి వచ్చినవాడు. తెర మీద ఆయన మొహం కూడా కనపడదు, ఒళ్ళూ గొంతూ ఇచ్చాడంతే. జనం కంప్యూటర్ బొమ్మని తిడుతున్నామనుకున్నారు. చిన్న అనకిన్ వేసిన జేక్ లాయిడ్‌కి సినిమా విడుదలప్పుడు పదేళ్ళు. తను కనపడగానే బళ్ళో పిల్లలు లైట్‌సేబర్ (ఆ వెలుగు కత్తి) చప్పుడు చేసి ఏడిపించేవాళ్ళని పెద్దయ్యాక చెప్పాడు. నాకు మా ఇంట్లో కూర్చుని అన్నం ముట్టని పిల్లాడు గుర్తొచ్చాడు.

2019లో షికాగోలో అభిమానుల సంబరానికి అహ్మద్ బెస్ట్ వస్తే జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ వీడియో చూస్తూ నేను వంటింట్లో స్టవ్ ఆపేశాను. 2023లో మాండలోరియన్ అనే స్టార్ వార్స్ సిరీస్‌లో జెడైగా, తన సొంత మొహంతో వచ్చి చిన్నారి గ్రోగును కాపాడాడు. రెండు చేతుల్లో రెండు కత్తులు. మావాడు ఆ రాత్రి ఫోన్ చేసి, "అమ్మా, చూశావా?" అన్నాడు, ఇంకేం మాట్లాడలేకపోయాడు.

2024 మే 3 శుక్రవారం. ఎదురింటి పిల్లాడితో మావాడికి ఇంటర్నెట్‌లో ఎప్పటినుంచో స్నేహం ఉంది. ఇద్దరూ మాట్లాడుకుని, ఎదురింటివాళ్ళని కూడా ఎడిసన్ రప్పించారు. పిల్లాడంటున్నాను గానీ ముప్ఫై రెండేళ్ళవాడు, గడ్డం, వెంట నాలుగేళ్ళ కూతురు. ముప్ఫై రెండంటే సరిగ్గా 1999లో ఆ రాత్రి వాళ్ళ నాన్నకి ఉన్న వయసు. వాళ్ళ నాన్న కూడా వచ్చాడు, జుట్టు తెల్లబడింది. "అన్నం ఉందా ఇంట్లో?" అని పలకరించాడు నన్ను.

నేను చేతి సంచీలో పాత రుమాలులో చుట్టి తెచ్చాను. హాలు బయట విప్పి చేతిలో పెట్టాను. ఎండకి రంగు కాస్త వెలిసింది. కర్ర ఎప్పుడో పోయింది. పెన్నుతో గీసిన మీసం మాత్రం అలాగే ఉంది. వాడు దాన్ని తిప్పి తిప్పి చూశాడు. విరిగిన చెవి మీద బొటనవేలు పెట్టి కాసేపు ఉంచాడు. "మీసా" అన్నాడు మెల్లగా.

లోపల జార్ జార్ తెర మీదకి రాగానే హాలంతా చప్పట్లు, ఈలలు. నాలుగేళ్ళ పాప తాతయ్య ఒళ్ళో కూర్చుని విరగబడి నవ్వుతోంది. ఆయన తెర చూడటం లేదు, దాని మొహమే చూస్తున్నాడు.

తల్లి సీను వచ్చింది. మా అమ్మ పోయి అప్పటికి ఆరేళ్ళు. మావాడు ఏమీ అడగకుండా టిష్యూ నా చేతిలో పెట్టాడు. ముందు వరసలోంచి పాప వెనక్కి తిరిగి, సీటు అంచు మీద బొమ్మని నా వైపు నిలబెట్టింది.